అదనపు చుట్టు

కుర్రాడిది నరసరావుపేట దగ్గర పల్లె. కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే 200 గంటలు ఎగరాలి, గంటగంటకీ బిల్లు. నాన్న పొలం అమ్మి ఫీజు కట్టాడు.

ఆ ఉదయం సోలో. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ లేడు. సెస్నా 172 రన్‌వే మీదికి 65 నాట్ల వేగంతో రావాలి, 75తో వచ్చింది. నేలను తాకి, ఎగిరిపడింది.

అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే. థ్రాటిల్ పూర్తిగా తోసి, మళ్లీ పైకి లేచి, ఇంకో చుట్టు తిరిగి రావాలి. దాన్నే గో అరౌండ్ అంటారు. అందులో నామోషీ ఏమీ లేదు, పాతికేళ్ల అనుభవమున్న ఎయిర్‌లైన్ కెప్టెన్లు కూడా చేస్తారు. కుర్రాడు మాత్రం ఎలాగైనా దించేయాలని ముక్కు కిందికి వంచాడు. వెనక చక్రాల కంటే ముందు నోస్ వీల్ నేలకు కొట్టుకుంది. విమానం ఈసారి ఇంకా ఎత్తుకు లేచింది. మూడో దెబ్బకి నోస్ వీల్ విరిగింది, తిరుగుతున్న ప్రొపెల్లర్ రన్‌వేని గీరుకుంటూ పోయి, దాని రెక్కల కొసలు వెనక్కి ముడుచుకుపోయాయి.

పై పెదవి చిట్లింది. అంతే, ప్రాణం దక్కింది.

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గదిలోకి పిలిచారు.

"ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజన్ మొత్తం విప్పి చూడాలి, తెలుసా? ఎంత ఖర్చో తెలుసా?"

"తెలుసు సార్."

"గో అరౌండ్ నీకు నేర్పలేదా?"

"నేర్పారు సార్. పోయిన నెల ఒకసారి చేశాను కూడా. మీరే బాగా చేశావన్నారు."

"మరి ఇవాళ ఏమొచ్చింది?"

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న వాట్సాప్‌లో పంపిన ఫొటో. పోయిన నెల బిల్లు. 'అదనపు చుట్టు, 6 నిమిషాలు' అన్న లైను చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద నాన్న మెసేజ్: "ఒక్కసారికే దిగటం నేర్చుకో నాన్నా. ఇంక అమ్మటానికేం లేదు."

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఆ బిల్లు కేసి చాలాసేపు చూశారు. అడుగున ఉన్న సంతకం ఆయనదే.

సాయంత్రానికి రిపోర్టు తయారైంది. ప్రమాదానికి కారణం అన్నచోట 'ట్రైనీ తప్పిదం' అని రాశారు. దాని కిందా ఆయనే సంతకం పెట్టారు.