ఉమ్మి చెప్పిన జాతకం

వెస్ట్ మారేడ్‌పల్లిలో మా పక్కింటి మామ్మగారికి ఎనభై దాటాయి. ఓరోజు కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికారు. తీరా చూస్తే నెత్తిమీదే ఉంది. అంతే, బెంగళూరులో ఉన్న మనవడు ఆన్‌లైన్‌లో ఓ డబ్బా పంపించేశాడు. అందులో ప్లాస్టిక్ గొట్టం, దానిమీద గీత. గీత దాకా ఉమ్మాలట. పచ్చి మంచినీళ్లు ముట్టకుండా పూజలో కూర్చున్న ఆవిడ, "నోరెండిపోయింది నాయనా, సాయంత్రం చూద్దాంలే" అన్నారు.

కొన్ని వారాలకు రంగురంగుల రిపోర్టు దిగింది. ఏపీఓఈ అనే జన్యువులో ఈ4 రకం ఒక ప్రతి ఉందట. ఇంట్లో కుజదోషం బయటపడ్డంత హడావుడి! "మీ వంశంలో ఉందన్నమాట" అని కోడలు. "అది మా అమ్మమ్మగారి వైపుది, మాది కాదు" అని కొడుకు. పాపం, ఇన్నాళ్లూ గ్రహాలు మోసిన నిందలు ఇప్పుడు జన్యువుల నెత్తిన పడ్డాయి.

ఈ4 ఉంటే అల్జీమర్స్ ముప్పు పెరిగే మాట నిజమే. కానీ అది ఉన్నా జబ్బు రానివాళ్లు బోలెడంతమంది, లేకపోయినా వచ్చినవాళ్లూ బోలెడంతమంది. పైగా ఆ ముప్పు లెక్కల్లో ఎక్కువ భాగం యూరప్ సంతతివాళ్లను చూసి కట్టినవి. లండన్ దొర కొలతలకు కుట్టిన కోటు మామ్మగారికి తొడిగి, "మీ భుజాలు వంకర" అన్నట్టుంది. మన ముసలివాళ్ల కొలతలు తీసే పనిని లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం తలకెత్తుకుంది. 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతి తప్పే జబ్బు) ఉందని 2023లో అంచనా కట్టింది. జన్యువుల లెక్కా చూస్తోంది. డబ్బా కంపెనీలకు మాత్రం అంత ఓపిక ఎక్కడిది?

మన ఊళ్లోనే తేలిన సంగతి ఒకటుంది. పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండో భాష కూడా మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది.

మన లష్కర్‌లో, అదే సికింద్రాబాద్‌లో, ఆ రెండో భాష మందు వీధిలోనే దొరుకుతుంది. మామ్మగారు మోండా మార్కెట్లో తెలుగులో బేరమాడతారు, ఆటో అతనితో ఉర్దూలో పోట్లాడతారు, ఎదురింటావిడతో అరవంలో కబుర్లాడతారు. ఆవిడ మతిమరుపుకు అంత కంగారుపడ్డ మనవడేమో, తన కూతురు తెలుగులో నోరు తెరిస్తే చాలు, "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అంటాడు!

వినికిడి లోపం, చూపు మందగించడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిదిద్దుకోగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. వీటిలో దేనికీ గొట్టంలో ఉమ్మక్కర్లేదు.

ఇంతకీ ఆ రిపోర్టును మామ్మగారికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఆవిడకు ఒక్క ముక్క వినపడలేదు. చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయి నెలలైంది.

జాతకం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఆ బ్యాటరీ మార్చండి బాబూ!