నూనె వ్యాజ్యం

మా మామగారు నరసరావుపేటలో సివిలు ప్లీడరుగా రిటైరయ్యారు గానీ వాదనలోంచి రిటైరవలేదు. ఇప్పుడు ఆయనకి మిగిలిన క్లయింటు ఒక్కటే, మార్కు 4 అంబాసిడరు. ఫీజు ఇవ్వదు సరికదా, నెలనెలా ఆయన దగ్గరే ఎదురు వసూలు చేస్తుంది. అయినా ఆ వకాల్తా ఆయన వదులుకోరు. ఎదుటి పార్టీ నా కారు. వెయ్యి సీసీ టర్బో పెట్రోలు బండి. పండక్కి మేం వెళ్లినప్పుడల్లా రెండూ ఒకే పోర్టికోలో నిలబడతాయి, వ్యాజ్యం మొదలవుతుంది. తగువు ఎకరాల మీదా కాదు, గట్ల మీదా కాదు. ఏ బండిలో ఏ ఇంజనాయిలు పొయ్యాలన్న దాని మీద.

మామగారి సిద్ధాంతానికి వంకరల్లేవు. చిక్కగా ఉంటే సరుకు, పల్చగా ఉంటే మోసం. ఇదే సూత్రం మీద ఆయన ఊళ్లో పాలవాళ్లందరితోనూ చెడ్డారు. నా కారులో పోసే నూనె ఒకసారి వేలికి రాసుకుని చూసి, "ఇది నూనా? కొబ్బరినీళ్లా? నిన్నెవడో దోచుకుంటున్నాడయ్యా" అన్నారు. ఆయన బండికి వాడేది 20డబ్ల్యూ-50. డబ్బా వంచితే ధార పడాలా వద్దా అని ఆలోచించుకుని మరీ పడుతుంది.

ఇందులోకి మూడో పార్టీగా మా బావమరిది ఇంప్లీడయ్యాడు. ఉండేది మినియాపొలిస్‌లో. తండ్రి పుట్టినరోజని, అంబాసిడరుకి అక్కణ్ణుంచే ఆన్‌లైన్లో 0డబ్ల్యూ-20 ఫుల్ సింథటిక్ డబ్బా ఆర్డరు పెట్టాడు. దాని ఖరీదుకి మామగారి నూనె రెండు మూడు డబ్బాలొస్తాయి. "నాన్నా, లోకంలో ఇంతకంటే మంచి నూనె లేదు, నేను వాడేది ఇదే" అని వీడియో కాల్లో చెప్పాడు. ప్రేమ అంటే అదే కదా, మనకి పడిన మందు ఎదుటివాళ్ల చేత కూడా మింగించడం.

మినియాపొలిస్‌లో ఆ నూనె నిజంగానే మంచిది. అక్కడ చలికాలం రాత్రి సున్నాకి పాతిక ముప్ఫై డిగ్రీలు కిందికి పోవడం వింతేం కాదు. డబ్ల్యూ ముందున్న అంకె ఆ చలి కోసమే. 0డబ్ల్యూ నూనెని మైనస్ 35 దగ్గర, 20డబ్ల్యూ నూనెని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, అంత చలిలో ఇంజను తిరగడానికి నూనె అడ్డుపడకుండా ఉందా లేదా అని. నరసరావుపేట ఉన్న జిల్లాలోనే రెంటచింతల ఉంది. వేసవిలో ఎండలకి పత్రికలకెక్కే ఊరు. ఈ చుట్టుపక్కల మైనస్ అన్నది పదో తరగతి లెక్కల పుస్తకంలో తప్ప ఎవరూ చూడలేదు.

ఈ పాయింటు పట్టుకుని మామగారు గెలిచేశానన్నారు. పూర్తిగా గెలవలేదు. ఇంజను వేడెక్కాక లోపలి నూనె వంద డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. డబ్ల్యూ తరవాతి అంకె ఆ వేడి దగ్గర చిక్కదనానిది. ఆ లెక్కన రెంటచింతల మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలు కూడా ఇంజనుకి చలికాలమే. పొద్దున్న తాళం తిప్పగానే నూనె అన్ని మూలలకీ చేరేదాకా లోహం లోహాన్ని రాసుకుంటూ ఉంటుంది. చిక్కటి నూనె ఆ వేళప్పుడు నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, నింపాదిగా బయల్దేరుతుంది. అంబాసిడరు దానికోసం ఆగుతుంది. దానికి మాత్రం తొందరేముంది, ఎక్కడికెళ్లాలి గనక? నా బండిలో టర్బోకి అంత ఓపిక లేదు.

టర్బో గురించి మామగారికి చెప్పడం నా వల్ల కాలేదు. నిజం చెబితే అబద్ధంలా వినపడే యంత్రం అది. సైలెన్సరు దారి పట్టిన పొగ పోతూ పోతూ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి అవతలి కొసనున్న చక్రం బయటి గాలిని కుదించి ఇంజన్లోకి తోస్తుంది. ఇంజను నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగితేనే మనం కేకలు పెడతాం. ఈ ఇరుసు లక్ష దాటి, చిన్న టర్బోల్లో రెండు లక్షలు కూడా తిరుగుతుంది. పొగ వేడి పెట్రోలు బండిలో తొమ్మిది వందల డిగ్రీల దాకా పోతుంది. మరి ఇరుసుని ఏది పట్టుకుని ఉంటుందంటే, చాలా టర్బోల్లో బాల్ బేరింగులు కూడా ఉండవు, వెంట్రుకకన్నా సన్నటి నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. మామగారు కొబ్బరినీళ్లన్నది ఆ పొరనే.

"రెండు లక్షలా? సాక్ష్యం?" అన్నారు మామగారు.

సాక్ష్యం సంగతి అలా ఉంచి, ఆయన నా కారు నడిపిన రోజు నాకు చెమటలు పట్టాయి. పాత బళ్లవాళ్లకి ఒక అలవాటుంది. ఇంజను ఆపేముందు ఒక్కసారి గట్టిగా రేజ్ ఇచ్చి, ఆ ఊపులో తాళం తిప్పేస్తారు. ఎందుకని అడిగితే రేపు పొద్దున్న తేలిగ్గా స్టార్టవుతుందంటారు. అంబాసిడరుకి దీనివల్ల పెట్రోలు ఖర్చు, చప్పుడు తప్ప పెద్ద నష్టం లేదు. టర్బోకి మాత్రం ఇది శిరచ్ఛేదం. రేజ్ ఇవ్వగానే ఇరుసు వేగం అందుకుంటుంది, తాళం తిప్పగానే నూనె పంపు ఆగిపోతుంది. ఇరుసు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, పొడిగా. అక్కడ చిక్కుకున్న నూనె ఆ వేడికి మాడి బొగ్గుపెచ్చు కడుతుంది. కొత్త బళ్లలో టర్బో చుట్టూ నీళ్లు తిప్పి చల్లబరిచే ఏర్పాటు ఉంది కాబట్టి మునుపటంత ప్రమాదం లేదు. అయినా హైవే మీంచి వచ్చాక ఒక నిమిషం ఇంజన్ని ఊరికే తిరగనిచ్చి ఆపడం పద్ధతి. మామగారి పోర్టికోలో ఆ నిమిషం గడవడం ఎంత కష్టమో! "ఆపవేమయ్యా, పెట్రోలు కాలిపోతోంది" అని లోపల్నుంచి ఒకటే కేకలు.

సరే, అంబాసిడరు పక్షం కూడా వినాలి. 1950ల చివర్లో మొదలై 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన ఈ బండికి మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు. మార్కు 4లోని 1489 సీసీ ఇంజను కూడా ఆ తెల్లవాళ్ల బిడ్డే. మామగారి పోర్టికోలో నూనె మరక ఉందని వచ్చినవాళ్లంతా వెక్కిరిస్తారు గానీ, తప్పు ఆయనది కాదు. క్రాంకు వెనక వైపు నూనె బయటికి రాకుండా ఆ ఇంజన్లో ఇప్పటిలాంటి రబ్బరు సీలు పెట్టలేదు. ఇరుసు మీద మరచుట్టుగా ఒక గాడి తీశారు. ఇరుసు తిరిగినంతసేపూ ఆ గాడి నూనెని లోపలికి నెడుతూ ఉంటుంది. మంచి తెలివే. బండి ఆపితే గాడి కూడా ఆగిపోతుంది కదా, అప్పుడు ఎవరు నెట్టాలన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. అలాంటి ఇంజన్లో 0డబ్ల్యూ-20 పోస్తే ఆ నూనె కారదు, ప్రవహిస్తుంది. మిగిలిన కాస్తా అరిగిన బేరింగుల సందుల్లో నిలవలేక, సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడల్లా ఎర్రదీపం మిణుకుమంటుంది.

ఇంకోటి జింకు. పాత ఇంజన్లలో క్యాము ముక్కు టాపెట్టు బల్లపరుపు మొహాన్ని నేరుగా రుద్దుతుంది, మధ్యలో రోలరు ఉండదు. ఆ రాపిడిలో అరుగుదల ఆపేది నూనెలోని జింకూ ఫాస్ఫరసూ కలిసిన ఒక మందు. సైలెన్సరు దారిలో పొగని శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరుకి ఫాస్ఫరస్ విషం కాబట్టి, కొత్త ప్రమాణాల్లో 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతం దాటనివ్వరు. చిక్కటి 20డబ్ల్యూ-50కి ఆ పట్టింపు లేదు. అంటే పాలవాడి మీద పెట్టిన సూత్రంతోనే మామగారు, కారణం తెలియకుండా, సరైన తీర్పుకి చేరారు. కింది కోర్టుల్లో ఇది మామూలేనట.

ఆ మాట అన్నది ఆయనే.

సింథటిక్ సంగతికొచ్చేసరికి మాత్రం ఆయన కళ్లు మెరిశాయి. అమెరికాలో మోబిల్ వాళ్లు క్యాస్ట్రాల్ వాళ్ల మీద ఫిర్యాదు చేశారు. భూమిలోంచి తీసిన ముడినూనెనే బాగా శుద్ధి చేసి సింథటిక్ అని ఎలా అమ్ముతారని. ప్రకటనల తగువులు చూసే సంస్థ 1999లో క్యాస్ట్రాల్ పక్షమే చెప్పింది. అప్పటినుంచీ డబ్బా మీద ఫుల్ సింథటిక్ అని ఉన్నా లోపలిది చాలావరకు అలా శుద్ధి చేసిందే కావచ్చు. అది చెడ్డదేం కాదు, వేడికి బాగానే తట్టుకుంటుంది. కానీ కొడుకు పంపిన డబ్బా వెనక ఒక వ్యాజ్యం నడిచిందని తెలిశాక మామగారికి దాని మీద గౌరవం ఒక్కసారిగా పెరిగింది. దుమ్ము తుడిచి షోకేసులో పెట్టించారు.

అదే క్యాస్ట్రాల్ 1909లో మొదలైనప్పుడు ఆ నూనెలో కలిపింది మన ఆముదమని కూడా చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లకి వాడిందీ ఆముదమే. అది ఇంజన్లో తిరిగి మళ్లీ వాడుకకి వచ్చేది కాదు, పొగతో కలిసి పైలట్ల మొహాన కొట్టేది. ఆ పీల్చిన ఆముదం వాళ్ల కడుపుల్లో చేసిన పని మన ఇళ్లల్లో చిన్నప్పుడు అందరికీ అనుభవమే. శత్రువు కంటే ముందు దిగాల్సిన కారణాలు వాళ్లకి వేరే ఉండేవి. మా అత్తగారు వంటింట్లోంచి ఇదంతా విని, "అయితే ఆ అంబాసిడరుకి కూడా ఒక డోసు పట్టించండి, పొద్దున్నే కదలడం లేదుగా" అన్నారు.

చివరికి మేస్త్రిని పిలిచాం. ఆయన అంబాసిడరు గేజీ తీసి, నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, ఆకాశం వైపు చూసి, "జిగురు పోయింది ప్లీడరుగారూ" అన్నాడు. నా కారు గేజీ తీసి అదంతా మళ్లీ చేసి అదే మాట అన్నాడు. దాని నూనె మార్చి వారం కూడా కాలేదు, కాస్త నల్లబడిందంతే. నూనె నల్లబడితే పాడైందని కాదు, మసిని అడుక్కి దిగనివ్వకుండా తనలో మోసుకు తిరుగుతోందని అర్థం. డీజిలు బండిలో అయితే మార్చిన కాసేపటికే నలుపెక్కుతుంది. మేస్త్రి మాత్రం తన షెడ్డులో ఉన్న డ్రమ్ముని గుర్తుచేసి, "అన్నిటికీ అదే పోస్తాను సార్, ఆటోకీ ట్రాక్టరుకీ, ఎవరూ కంప్లయింటు చెయ్యలా" అన్నాడు.

నా బండికి అది కుదరదు. చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో ఒక జబ్బు బయటపడింది. గుంటూరు రోడ్డు మీద మిర్చి లారీని గేరు మార్చకుండా దాటేద్దామని, నెమ్మదిగా పోతున్నప్పుడు యాక్సిలరేటరు నొక్కేస్తాం చూడండి, అప్పుడు సిలిండరు గోడ మీది నూనె తుంపర పెట్రోలుతో కలిసి, ఒక్కోసారి స్పార్కు రాకముందే అంటుకుంటుంది. ఆ దెబ్బకి పిస్టను పగలొచ్చు. నూనెలో మురికి కడగడానికి వేసే కాల్షియం మందు ఎక్కువైనా ఇది పెరుగుతుందని తేలింది. అందుకే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని, నూనెల ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ ఏపీఐ నుంచి కొత్త ప్రమాణాలు వచ్చాయి. టర్బో పెట్రోలు బండివాళ్లు డబ్బా వెనక వెతకాల్సింది ఆ అక్షరాలే. ముందు వైపున్న రేసుకారు బొమ్మ ఎవరికీ ఏమీ చెప్పదు. ఇక ఖాళీ డబ్బాని చిల్లు పొడిచి మరీ పారేయాలి. లేకపోతే అదే డబ్బా డ్రమ్ములోని నూనెతో నిండి మళ్లీ మనింటికే రావొచ్చు.

ఏ గ్రేడు పొయ్యాలో కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా చించకుండా. మేస్త్రి వెళ్లాక మామగారు దాన్ని బయటికి తీయించి, కళ్లజోడు పెట్టుకుని, పెన్సిలుతో గీతలు కొడుతూ రాత్రి పదింటిదాకా చదివారు. నూనె గ్రేడు దగ్గర ఆయన ఆగలేదు. పదివేల కిలోమీటర్లకి మార్చాలన్న వాక్యం కింద, తీవ్ర పరిస్థితుల్లో ఇంకా ముందే మార్చాలన్న చిన్నక్షరాల క్లాజు పట్టుకున్నారు. తీవ్ర పరిస్థితులంటే ఏమిటో కూడా అందులోనే రాశారు: దుమ్ము రోడ్లు, విపరీతమైన వేడి, ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోవడం, ఇంజను వేడెక్కకముందే ముగిసే చిన్న చిన్న ప్రయాణాలు.

"ఇందులో మన జిల్లాకి వర్తించనిది ఒక్కటి చూపించు" అన్నారు. చూపించలేకపోయాను. అయిదు వేలకే మార్చాలని, అదీ పుస్తకంలో చెప్పిన గ్రేడే పొయ్యాలని తీర్పిచ్చేశారు.

"మరి అంబాసిడరు నూనె ఎప్పుడు మార్చారు మామయ్యగారూ?" అని అడిగాను.

"అది ఈ కేసులో పార్టీ కాదు" అన్నారు.