సవతి తల్లి ఏమైపోయింది?

మా రోజుల్లో చిల్లకూరు నుంచి గూడూరు పోయి సినిమా చూసొస్తే, సూర్యకాంతాన్ని వారం రోజులు తిట్టుకునేవాళ్లం. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో సవతి కూతురు సావిత్రితో ఇంటెడు చాకిరీ చేయించి, కన్నకూతురు జమునను కాలు కింద పెట్టనీయదు సూర్యకాంతం వేసిన గుండమ్మ. అట్లాంటి ఇల్లు ఊరికొకటి ఉండేది. కాన్పులో తల్లి పోతే ఏడాది తిరక్కుండా రెండో సంబంధం. వచ్చిన పిల్లే ఇంకా చిన్నది, వచ్చీరాగానే చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు.

గుండమ్మ చెడ్డదే, కాదనను. కానీ ఛాయాదేవి చేతిలో పడి ఆమె నానా అవస్థ పడుతుంటే ఆదుకునేది ఆ సవతి కూతురు లక్ష్మే. ఇద్దరికీ రక్తసంబంధం లేదు, కడదాకా లేదు. మా నెల్లూరు పి. పుల్లయ్య 'అర్ధాంగి' (1955) తీసినప్పుడూ అంతే. కన్నకొడుకు జగ్గయ్యను ఒక కంట, సవతి కొడుకు అక్కినేనిని ఇంకో కంట చూసే శాంతకుమారిని మన ముందు నిలబెట్టాడు, దాచలేదు.

1993లో 'అబ్బాయిగారు' వచ్చేసరికి సవతి తల్లి ప్రేమంతా ఆస్తి కోసం ఆడే నాటకమైంది. సరే, అది కూడా పాత కూరే.

నాకు కోపం ఇప్పటివాళ్ల మీద. 'హాయ్ నాన్న' (2023) చూస్తూ ఎంత ఆశపడ్డానో! తల్లి లేని పిల్లకు ఎవరో పరాయి అమ్మాయి దగ్గరవుతోంది, ఇన్నాళ్లకు ఒక మంచి పిన్నిని చూపిస్తున్నారనుకున్నా. తీరా చూస్తే ఆమే కన్నతల్లి, ప్రమాదంలో గతం మరిచిపోయిందంట! పిన్ని ప్రేమిస్తే జనం నమ్మరనా ఈ భయం? 'గుంటూరు కారం' (2024)లో రమ్యకృష్ణ మళ్లీ పెళ్లి చేసుకుంటుంది, రావు రమేష్ లాంటి నటుడు మారుతండ్రి. ఆయనకూ ఆమె కొడుకు మహేష్ బాబుకూ మధ్య గుండెకు తగిలే మాట ఒక్కటన్నా రాయొద్దా?

మారుమనువు మన పల్లెలకు కొత్తా? కొన్ని కులాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడైతే విడాకులయ్యాక బిడ్డతో సహా ఇంకో ఇంటికి పోతున్న ఆడపిల్లలు మా చుట్టుపక్కలే ఉన్నారు. ఆ బిడ్డ కొత్తాయన్ని ఏమని పిలవాలో తెలీక వాకిట్లో నిలబడిపోతుంది. ఆ వాకిలి దాకా కెమెరా రాదేం?

పెంచిన తండ్రి సంగతికొస్తే, 'భగవంత్ కేసరి'లో జైలరు కూతుర్ని బాలకృష్ణ పెంచుతాడు. ఆ పిల్ల ఆయన్ని చిచ్చా (బాబాయ్) అనే పిలుస్తుంది. మళ్లీ రక్తం కలపలేదు, అందుకు సంతోషం. అయితే అక్కడా పెంపకం కంటే కొట్లాటలే ఎక్కువ. తుపాకులు పక్కన పెట్టి, ఆ ఇంట్లో అన్నం దగ్గర ఏం జరుగుతుందో చూపించండయ్యా.