చౌక బస్సు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

జర్మనీలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థి 2025 మే నెలలో ఒక శుక్రవారం రాత్రి ఫ్రాంక్‌ఫర్ట్‌లో బస్సెక్కాడు. శని, ఆదివారాలు పారిస్‌లో గడిపి సోమవారం తెల్లారేసరికి తిరిగొచ్చాడు. ఆనాడు చెప్పిన పద్యమిది. కవి ఎవరో తెలియదు. ఖాతా మాత్రం నాది.

మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మన మెదక్ సీమలోని కొలిచెలమ. మూలంలో లేనిదేదీ రాయనని ముందే మాటిచ్చి రాసిన మహానుభావుడు. నేనూ ఆ దారినే నడుస్తాను. నా మూలం బ్యాంకు స్టేట్‌మెంటు.

తేటగీతి

చౌక బస్సని పారిసు చనిన వాడు
నీళ్ల సీసాకు నాల్గిచ్చి, నెలకు చాలు
తిండి డబ్బును రెన్నాళ్లఁ దీర్చివేసి
సోమవారాన ఖాతాను చూచి నవ్వు

ప్రతిపదార్థం

చౌక = వెల తక్కువదైన; బస్సు + అని = బస్సు దొరికినదను కారణముచేత; పారిసు = పారిస్ నగరమునకు; చనిన వాడు = వెళ్లినట్టివాడు (ఇంటిపేరు అనవసరం); నీళ్ల సీసాకు = అర లీటరు మంచినీటికి; నాల్గు + ఇచ్చి = నాలుగు సమర్పించుకొని; నెలకు చాలు = ముప్పై దినములకు సరిపోవునట్టి; తిండి డబ్బును = బియ్యము, కందిపప్పు, పెరుగు, గుడ్లు మొదలగువాటికై తీసిపెట్టిన పైకమును; రెన్నాళ్లన్ = శని, ఆదివారములలో; తీర్చివేసి = నిశ్శేషము గావించి; సోమవారాన = క్లాసునకు పోవలసిన దినమున; ఖాతాను = ఫోనులోని బ్యాంకు యాప్‌ను; చూచి = తేరిపార చూచి; నవ్వు = నవ్వును.

తాత్పర్యం

బస్సు చౌకగా ఉందని పారిస్ వెళ్లినవాడు నెల తిండి డబ్బు రెండు రోజుల్లో ఊదేసి, సోమవారం ఖాతా చూసుకుని నవ్వుతాడు.

విశేషాలు

"చౌక బస్సని": ఈ పద్యానికి ప్రాణం ఈ "అని". పారిస్ చూడాలన్న కోరిక పద్యంలో ఎక్కడా లేదు, గమనించగలరు. బస్సు చౌకగా దొరకడమే కారణం. రానూ పోనూ 48 యూరోలు. రైలుతో పోలిస్తే ఎంత మిగిలిందో లెక్కేసి, ఆ మిగిలినదంతా చేతికొచ్చిన డబ్బేనని వాడు నమ్మాడు. చేతికి రాని ఆ డబ్బునే పారిస్‌లో ఖర్చుపెట్టాడు.

"నాల్గిచ్చి": నాలుగు ఏమిటి? కవి చెప్పలేదు. ఇది లోపం కాదు, కవి హృదయం. జర్మనీకి వచ్చిన కొత్తలో మనవాళ్లు ప్రతి ధరనూ వందతో గుణిస్తారు, యూరో దాదాపు వంద రూపాయలు కాబట్టి. కొత్తిమీర కట్ట ముందు నిలబడి గుణించి, కట్టను అక్కడే పెట్టి వచ్చేస్తారు. రెండో సెమిస్టర్‌కి గుణకారం మరిచిపోతారు. అప్పుడు నాలుగంటే నాలుగే. ఊళ్లో ఎడ్యుకేషన్ లోన్ మాత్రం రూపాయల్లోనే పెరుగుతుంటుంది, దానికి మతిమరుపు లేదు.

"నీళ్ల సీసా": ఐఫిల్ టవర్ దగ్గర కొన్నది. ఇంగ్లండు దొర రిచర్డ్ వాలెస్ 1872లో పారిస్ ప్రజల దాహం తీర్చడానికి వీధుల్లో మంచినీటి ఫౌంటెన్లు పెట్టించాడు. నలుగురు స్త్రీమూర్తులు నెత్తిన గొడుగులాంటి కప్పును మోస్తున్నట్టుండే ఆ పచ్చరంగు ఇనుప ఫౌంటెన్లు నేటికీ వందకు పైగా ఉన్నాయి. నీళ్లు తాగొచ్చు, ఊరికే. వాటిలో ఒకదాని పక్కన నిలబడి నేను ఫోటో తీయించుకున్నాను. ఫోటోలో నా చేతిలో ఉన్నది ఆ నాలుగు యూరోల సీసాయే.

ఖాళీ సీసాను పారేయలేదు. జర్మనీలో ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేస్తే 25 సెంట్లు తిరిగొస్తాయి, ఫాండ్ అంటారు. పద్ధతిగా ఇంటికి మోసుకొచ్చి వేశాను. మెషిన్ రెండుసార్లు బయటికి తోసింది. ఫ్రాన్సు సీసాకు ఆ ఫాండ్ గుర్తు ఉండదు.

"నెలకు చాలు": వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. అది నెలకు 992 చొప్పున మన చేతికొస్తుంది. మన డబ్బే, మనకే, గంజి పోసినట్టు. అద్దె, ఆరోగ్య బీమా, ఫోను, తక్కినవీ పోగా నాకు తిండికి మిగిలేది 180.

"తీర్చివేసి": హాస్టల్లో రెండంతస్తుల మంచం మీద పై పక్క 55, టవర్ 36, లూవ్ర్ మ్యూజియం 22, సేన్ నదిలో పడవ 18, తిండీ నీళ్లూ కలిపి 61, మెట్రో 15, కీచెయిన్లు 8. వెరసి 215. బస్సు లెక్క వేరు.

ఇందులో రెండు పద్దులకు వ్యాఖ్య అవసరం. ఉల్లిపాయ సూపుకు 14 యూరోలు. రాత్రి అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావు నాన్నా?" అంది. చెప్పాను. "ఉల్లిపాయ పులుసా? ఎంతేమిటి?" అంది. మూడు వందలమ్మా అన్నాను. పదకొండు వందలు దాచాను.

ఇక రెండో పద్దు, లూవ్ర్. అది వయసు సంగతి. అప్పుడు నాకు పాతికేళ్లు. టవర్ దగ్గర 24 దాకానే రాయితీ ఉంది. అక్కడ రెసిడెన్స్ పర్మిట్ తీసి చూపించి లేదనిపించుకున్నాను. మర్నాడు లూవ్ర్‌లో మళ్లీ ఎందుకు అడగడమని ఊరుకున్నాను. యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో నివాసముండి 26 నిండనివాళ్లకు అక్కడ ప్రవేశం ఉచితం. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా ఒకటే. పర్మిట్ కార్డు పర్సులో డెబిట్ కార్డు వెనకాలే ఉంది. ముందున్న కార్డు తీశాను.

"నవ్వు": "చూచి యేడ్చు" అని పాఠాంతరం. ఛందస్సుకు రెండూ సరిపోతాయి, గురువు లఘువే. అయినా "నవ్వు" పాఠమే సాధువు. యాప్ తెరిచినప్పుడు పక్కన రూమ్మేట్ ఉన్నాడు.

అధ్యాహారం

పద్యంలో కర్త ఉన్నాడు, కర్మ ఉంది, క్రియ ఉంది. దేనిచేత తీర్చివేశాడో చెప్పే పదం లేదు. వ్యాఖ్యాతలు ఇక్కడ తికమకపడ్డారు. గుంటూరువాడైన మా రూమ్మేట్ "ఒళ్లు కొవ్వుచేత" అని పూరించాడు. అసలు వెళ్లకపోతే అంతా మిగిలేది కదరా అని వాడి పూర్వపక్షం.

సిద్ధాంతం వేరు. వెళ్లడంలో దోషం లేదు. బస్సు దిగిన బెర్సీ నుంచి ఆరో నంబరు మెట్రో ఎక్కితే, బీర్ అకేమ్ స్టేషన్ దాటగానే రైలు వంతెన మీద సేన్ నదిని దాటుతుంది. కిటికీలోంచి 330 మీటర్ల టవర్ నిలువునా కనిపిస్తుంది. 2025లో దానికి టికెట్ 2.50 యూరోలు. చీకటి పడ్డాక గంటగంటకూ అయిదు నిమిషాలు ఆ టవర్ మిలమిలలాడుతుంది, దానికి టికెట్టే లేదు. హోటల్లో భోజనానికి కూర్చుంటే కుళాయి నీళ్లు కూజాతో ఉచితంగా ఇవ్వాలని ఫ్రాన్సు చట్టం. "కరాఫ్ దో" అనాలి, అంతే. ధరల పట్టిక గుమ్మం బయటే ఉంటుంది. దాని ముందు ఆగి చదవాలి, అంతే.

అడగలేదు. ఆగి చదవలేదు. కూర్చున్నాక ధర చూసి లేచి రాలేదు. పక్క బల్లవాళ్లు ఏమనుకుంటారో అని. వాళ్లు నన్ను చూడను కూడా లేదు. కాబట్టి ఇక్కడ "మొహమాటముచేత" అని అధ్యాహారం చేసుకోవాలి. అది చేరిస్తేనే అన్వయం కుదురుతుంది, 215 కూడా కుదురుతుంది.

అలంకారం

విషమం. మేలు కోరి చేసిన పని కీడుగా పరిణమిస్తే విషమాలంకారమని లాక్షణికులు అన్నారు. ఇక్కడ ఆదా కోరి చేసిన పని ఖర్చుగా పరిణమించింది.

ఛందస్సు

తేటగీతిలో పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి. యతి అంటే ఆగే చోటు. పద్యంలో నాలుగు చోట్లా ఉంది, ప్రయాణంలో ఒక్కచోటా లేదు. యతి అంటే సన్యాసి అని మరో అర్థం. సోమవారం నుంచి నెలాఖరు దాకా ఆ లోటు పెరుగన్నంతో భర్తీ అయింది.

ఫలశ్రుతి

ఈ పద్యమును బస్సు టికెట్ కొనకముందు పఠించువాడు కూజా నీళ్లు అడుగును, పట్టిక చదివి లోనికి పోవును, పర్సులో వెనక కార్డును ముందుకు మార్చుకొనును.

నేను మార్చుకున్నాను. ఆ మరుసటి నెలే నాకు ఇరవై ఆరు నిండాయి.