రేపు నేను వెళ్లని వేట

బిలాస్‌పూర్ వ్యాపార్ విహార్‌లో పప్పులూ బెల్లమూ లారీలకెక్కే గోదాముల వరసలో ఒక మేడ ఉంది. ఆ మేడమీద ఇనుప బీరువాలో, పట్టుచీరల వెనక, ఖాకీ కాన్వాసు సంచిలో ఉంటాను నేను. పన్నెండు బోరు జంటగొట్టాల తుపాకిని. కుడిగొట్టం రవ్వల్ని వెడల్పుగా చిమ్ముతుంది, ఎడమది బిగువుగా ముందుకు పంపుతుంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఠాణాకి వెళ్తాను, ఫలితాలు వచ్చాక రసీదు చూపించి ఇంటికి తెచ్చుకుంటారు. చాలా ఏళ్లుగా నా ప్రయాణాలు అంతవరకే.

ఈ వారం ఇంట్లో ఒకటే హడావిడి. తాత తన మనవరాలిని మొదటిసారి పెద్ద జంతువుల అడవికి తీసుకెళ్తున్నాడు. కోటా మీదుగా అచానక్‌మార్, శివతరాయి గేటు దగ్గర తెల్లవారుజామున జిప్సీ జీపు ఎక్కాలి. నాకు అందులో చోటు లేదు. అయినా ఈ సన్నాహంలో ప్రతి పనీ నాకు తెలుసు. 1965 వేసవిలో ఈ ఇంటివాళ్లు ఒక పిల్లాణ్ణి ఇలాగే తయారు చేశారు. ఆ పిల్లాడే ఇప్పటి ఈ తాత.

నన్ను కొన్నది అతని తాత. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో చేరి, గార్డుగా కట్నీ లైను మీద బండ్లు నడిపినవాడు. ఆ లైను బిలాస్‌పూర్ దాటాక కర్గీ రోడ్డు, ఖొంగ్‌సరా, భన్వర్‌టంక్ మీదుగా కొండలెక్కుతుంది. ఏ మలుపు దగ్గర అడవిదున్నలు పట్టాలు దాటతాయో, ఏ కల్వర్టు కింద ఎలుగుబంటి పిల్లల్ని పెట్టుకుంటుందో బ్రేక్‌వ్యాన్‌లో నిలబడి చూసినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? రిటైరయ్యాక తార్‌బాహర్‌లో ఇల్లు తీసుకున్నాడు. బుధ్‌వారీ బజారుకి ఎంత శ్రద్ధగా వెళ్లేవాడో ఏటా అటవీ శాఖ ఆఫీసుకి అంత శ్రద్ధగా వెళ్లి వేట పర్మిట్ రాయించుకునేవాడు. అప్పట్లో అడవిని బ్లాకులుగా విడగొట్టి ఇచ్చేవారు. ఏ బ్లాకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ జంతువు ఎన్ని, అన్నీ ఆ కాగితం మీద ఉండేవి. ఆడ దుప్పిని, ఆడ కణుజుని కొట్టకూడదు.

మనవణ్ణి వేటకి తీసుకెళ్తానని చెప్పాక ఆయన ఆ పిల్లాడికి చాలా రోజులపాటు ఒక్క తూటా కూడా ఇవ్వలేదు. ఖాళీగా ఉన్న నన్నే భుజాన వేయించి అర్పా నది ఒడ్డున నడిపించాడు. కంచె దాటాలంటే ముందు నన్ను మడతవిప్పి, గొట్టాల్లోంచి అవతలి వెలుతురు చూసి, అప్పుడు దాటాలి. మరిచిపోతే ఆ రోజుకి ఇంటికే. పలచటి గుడ్డలో పొయ్యి బూడిద మూటకట్టి ఇచ్చి, అడుగు వేసే ముందు విదిలించి గాలి ఎటు పోతోందో చూడమనేవాడు. చెట్టుకి కట్టిన మచాన్ మీద దగ్గు రాకూడదు గనక కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మేడమీద కదలకుండా కూర్చోవడం నేర్పాడు. దోమ కుట్టినా చెయ్యి లేవకూడదు. కొట్టినదాన్ని గాయంతో వదిలి రాకూడదు, నెత్తుటి జాడ పట్టుకుని ఎంతదూరమైనా వెళ్లాలి. ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

నా సంగతి నేను చెప్పాలి. పులికి నేను తగిన ఆయుధాన్ని కాను. గుండు వేసినా యాభై గజాలు దాటితే నా మీద నమ్మకం పెట్టుకోకూడదు. పెద్ద రవ్వలు వేసి పులిమీద పేల్చిన తుపాకులు ఎన్ని పులుల్ని కుంటివాటిని చేసి వదిలేశాయో! కుంటి పులి జింకని అందుకోలేక ఊరిమీద పడుతుంది. ఆ ఊళ్లో పోయిన ప్రాణానికి తుపాకి పేల్చినవాడు జవాబు చెప్పడు. ఆ ముసలాయన నన్ను పులి వైపు ఎన్నడూ ఎత్తలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

ఆ వేసవి ప్యాసింజర్ బండిలో ఖొంగ్‌సరా దాకా వెళ్లారు. అక్కణ్ణుంచి కాలినడక. ముందు బైగా తెగ మనిషి ఒకడు, వెనక పిల్లాడు, ఆఖర్న నన్ను పట్టుకుని ముసలాయన. ఆ బైగా మనిషి చేతిలో చిన్న గొడ్డలి తప్ప ఏమీ లేదు. ఇసుకలో ఒక పులి అడుగు దగ్గర వంగి, దాని అంచుని వేలితో తాకి, ఇది తెల్లవారకముందుదని చెప్పాడు. ఎలా తెలిసిందని పిల్లాడు అడిగితే, ఆ అడుగు మీద చిన్న పురుగు నడిచిన గీత చూపించాడు. పురుగు నడిచింది రాత్రి, కనక పులి దానికంటే ముందు. పిల్లాడు చాలాసేపు ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం మచాన్ ఎక్కారు. ఇప్పచెట్ల కింద ఎండుటాకుల చప్పుడు, తర్వాత ఒక చెవి. చెవి తర్వాత మెడ. కణుజు. నేను పిల్లాడి భుజానికి ఆని ఉన్నాను, అతని గుండె కొట్టుకోవడం నా కొయ్యలోంచి తెలుస్తోంది. తల పూర్తిగా బయటికొచ్చింది. కొమ్ములు లేవు. ముసలాయన నోరు తెరవలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. పిల్లాడే నన్ను నెమ్మదిగా దించాడు. అది ఆకు మేస్తూ, మేస్తూ, మచాన్ కిందనుంచే వెళ్లిపోయింది.

తిరుగు బండిలో ముసలాయన అన్న మాట ఒక్కటే. “ఒరే గుంటడా, కనపడినదల్లా కొట్టీడానికి అడివికి రాలేదురా మనం.”

అందరు వేటగాళ్లూ ఆయనలాంటివాళ్లు కాదు. స్వాతంత్ర్యం వచ్చాక పంట రక్షణ పేరుతో తుపాకి లైసెన్సులు విరివిగా దొరికాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీపులు చేతికొచ్చాయి. రాత్రిళ్లు లైట్ల వెలుగులో కళ్లు చెదిరి నిలబడిపోయిన జంతువుని కొట్టడం వేట అనిపించుకుంది. ఇక్కడికి ఉత్తరాన కొరియా సంస్థానంలో మహారాజా రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ 1947లో రాత్రిపూట బండి మీద వెళ్తూ మూడు చీతాల్ని కాల్చాడు. మన దేశంలో చీతా కనబడిన ఆఖరి నమోదుల్లో అది ఒకటి. 1952లో ఆ జాతి దేశంలో లేదని ప్రకటించేశారు. 2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి కూనో అడవికి చీతాల్ని దించిన వార్త టీవీలో వస్తుంటే తాత శబ్దం పెంచాడు. బీరువాలోకి నాకూ వినిపించింది. ఆ రాజుగారి తూటాల పనికి డెబ్భై అయిదేళ్ల తర్వాత విమానాల్లో జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

1970లో పులి వేటని నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం. ఆ ఏడు దేశమంతా లెక్కపెడితే పులులు 1,827. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. 1975లో అచానక్‌మార్ అభయారణ్యమైంది, 2009లో టైగర్ రిజర్వు. 1991 సవరణతో సరదా వేటకి పర్మిట్ అనేదే లేకుండా పోయింది. 2022 అంచనాలో దేశంలో పులులు 3,682. ఈ అంకెలు తాత డైరీలో వరసగా రాసుకున్నాడు, మనవరాలికి చదివి వినిపించాడు. నేను వాడుకలోంచి తొలగిపోవడానికీ ఆ అంకె పెరగడానికీ సంబంధం ఉంది. అది తెలిసి నాకు సంతోషమే.

ఒక్క సంగతి మాత్రం మనసుకి పట్టేసింది. పులికోసం కోర్ అడవిలోంచి కొన్ని బైగా ఊళ్లను బయటికి తరలించారు. అడుగు మీద పురుగు గీత చదివిన మనిషి వంశంవాళ్లు ఇప్పుడు ఏ కాలనీలో ఉన్నారో! అడవిని కాపాడే పనిలో అలాంటివాళ్లకి పెద్దపీట వెయ్యకపోతే ఆ చదువు పోతుంది.

ఇక మనవరాలి సన్నాహం. పదేళ్ల పిల్ల. ఎరుపు గౌను వద్దని మట్టిరంగు చొక్కా కుట్టించారు. సెంటు వద్దు, కొబ్బరినూనె కూడా ఆ రోజు వద్దన్నాడు తాత. రోజూ పొద్దున్నే అర్పా ఒడ్డుకి తీసుకెళ్లి బైనాక్యులర్ ఇచ్చి, ఒకే లకుముకిపిట్టను అది ఎగిరిపోయేదాకా చూడమంటున్నాడు. కొండముచ్చు దగ్గినట్టు అరిస్తే చెట్టు పైనుంచి ఏదో చూసిందని, దుప్పి అరుపు ఆగకుండా వస్తుంటే చిరుతో పులో దగ్గర్లో ఉందని, కణుజు అరిస్తే ఇక నమ్మొచ్చని నేర్పాడు. ఆ అరుపులన్నీ తాత మేడమీద అరిచి చూపిస్తుంటే కింద హమాలీలు మూటలు దించడం ఆపి తలలెత్తి చూశారు. మనవరాలు నవ్వు ఆపుకోలేక కూలబడిపోయింది. మళ్లీ మొదలెట్టాడు.

నిన్న రాత్రి బీరువా తెరిచాడు. నన్ను మంచం మీద పెట్టి, మడత విప్పి, రెండు గొట్టాలూ దీపానికెదురుగా ఎత్తి ఆ పిల్లకి చూపించాడు.

“దీనితో ఏం కొట్టావు తాతా?”

“అడవిపందులు. రెండు దుప్పులు. ఒక దుప్పి వెంటనే పోలేదమ్మా.”

ఆ పిల్ల నా కొయ్య మీద చెయ్యి పెట్టి, కాసేపటికి తీసేసింది. ఏమీ అనలేదు. తాత కూడా మాట మార్చలేదు. ఆ దుప్పి వెంట ఎంతదూరం నడిచాడో, దాని నోట్లో నమలని గడ్డి ఎలా ఉందో అన్నీ చెప్పాడు. అడవికి వెళ్లే పిల్లకి ఇది తెలియాలని నేనూ అనుకుంటాను. నన్ను దాచిపెట్టి జింకల్ని చూపిస్తే సగమే చూపించినట్టు.

డెబ్భై దాటిన లైసెన్సుదారు తన తుపాకిని వారసుడి పేర మార్పించుకోవచ్చని నిబంధన ఉంది. కొడుకు తనకి వద్దన్నాడు. తాత బలవంతపెట్టలేదు. వచ్చే నెల నన్ను అప్పగించేస్తానని దరఖాస్తు రాసి, తెలిసినవాళ్లచేత హిందీలో టైపు చేయించి ఉంచాడు.

ఇవాళ సాయంత్రం కోడలు పులిహోర కలుపుతోంది. మనవరాలు బూడిద మూట తానే కట్టుకుని సంచిలో పెట్టుకుంది. జిప్సీలో దానితో పనేముంటుందని తండ్రి అన్నా వినలేదు.

“తాతా, కన్హాలో అయితే పులులు ఎక్కువట కదా. ఇక్కడ కనబడకపోతే?”

“కనబడకపోతే అడుగులు చూద్దాం. అడుగులూ లేకపోతే ఇప్పపూల కోసం ఎలుగు వచ్చిందేమో చూద్దాం. నువ్వు మాత్రం డ్రైవరుని తొందరపెట్టకు. నీళ్లసీసా సర్దుకున్నావా?”

“సర్దుకున్నాను. కరక్కాయ ఏదీ?”

వంటింట్లో డబ్బాలన్నీ దింపుతున్నారు.