మా ట్యాంకులో నైట్రేట్ సున్నా

మా ట్యాంకులో నైట్రేట్ సున్నా అని చాలాకాలం చెప్పుకు తిరిగాను. లోపల మొక్క అన్నది లేదు. బొద్దుగా గోల్డ్‌ఫిష్‌లు, రెండు పూటలా మేత. అయినా సున్నాయే! చేపలు వదిలే అమ్మోనియా నైట్రైట్‌గా, అది నైట్రేట్‌గా మారుతుందనీ, మొక్కలు లేనిచోట నీళ్ళు మారిస్తే తప్ప అది పెద్దగా పోదనీ తెలియని వాణ్ణేం కాదు. తెలిసి కూడా మా ఫిల్టరు మహిమ అనుకున్నాను. అద్దాలకు పాచి పట్టేస్తుంటే నెపం కిటికీ ఎండ మీదకి నెట్టాను. చుట్టాల పిల్లలకి పాఠాలు కూడా చెప్పాను. వాళ్ళిప్పుడు ఆ సంగతి ఎత్తకుండా ఉంటే అదే పదివేలు.

నైట్రేట్ పరీక్ష కిట్టులోని కాగితం ఎక్స్‌పైరీ సంగతి కోసం విప్పితే, అందులో ఉంది నా బండారం. రెండో సీసాని 30 సెకన్లు గట్టిగా కుదపాలట. చుక్కలు వేశాక ట్యూబుని ఇంకో నిమిషం ఊపి, 5 నిమిషాలు ఆగి రంగు చూడాలట. నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చే పొడి ఆ ద్రవంలో కరగదు, అడుగున పేరుకుంటుంది. కుదపకపోతే చుక్కలోకి రాదు, రంగు పసుపు దాటదు. సాంబారు కలపకుండా పైతేట పోసుకుని, ముక్కల్లేవని మురిసిపోయినట్టుంది నా సంబరం.

కుదిపి చూస్తే ట్యూబు ఎర్రబడింది. చార్టులో 80కీ 160కీ ఉన్న ఎరుపు నా కంటికి ఒకటే. అందుకని ట్యాంకు నీళ్ళు ఒక వంతుకి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ నాలుగు వంతులు కలిపి మళ్ళీ పరీక్షించాను. 20 వచ్చింది. అయిదింతలు చేస్తే 100 పీపీఎం! ఒక్కసారే అన్ని నీళ్ళూ మారిస్తే చేపలు తట్టుకోవు కనక, కొద్దికొద్దిగా మార్చుకుంటూ దించాల్సి వచ్చింది.

మిగతా ఘనకార్యాలూ ఉన్నాయి. మూతకి బద్ధకించి ట్యూబు మూతి వేలితో మూసి ఊపడం, సీసా పక్కకి వంచి చిన్నాపెద్దా చుక్కలు వేయడం, రాత్రిపూట పసుప్పచ్చ బల్బు కింద రంగులు పోల్చడం. బోరు నీళ్ళు పట్టీ పట్టగానే పీహెచ్ చూసి, తక్కువుందని పెంచే మందు కూడా పోశాను. ఒక రోజు బకెట్లో ఉంచితే కరిగున్న కార్బన్ డయాక్సైడ్ పోయి అదే పెరిగేది.

ఇవన్నీ చేతి తప్పులు, దిద్దుకోవచ్చు. ఆ పరీక్ష మొదటి రోజే 80 చూపించి ఉంటే మాత్రం అప్పటికప్పుడు కిట్టుని అనుమానించేవాణ్ణి. సున్నా చూపించింది కాబట్టి నమ్మాను. అందుకే ఇప్పుడు పగటి వెలుతురులో, తెల్ల కాగితం ముందు ట్యూబు పెట్టి, రంగు చెప్పమని మా అమ్మాయిని పిలుస్తాను. "ఎంత రావాలి నాన్నా?" అని అడిగి మరీ చూస్తుంది.