వాల్వుకు పెళ్లిచూపులు

అలిపిరి పాదాల మండపంలో భక్తులు పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. మా పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ గారు కొరియర్లో వచ్చిన అట్టపెట్టెను అంతకంటే భక్తిగా పట్టుకుని మా గడప తొక్కారు. పెట్టెలో దూది, దూదిలో బొటనవేలంత గాజు బుడ్డి, దానికి తొమ్మిది కాళ్లు. "టెలిఫుంకెన్ నాయనా! అసలైన జర్మనీ సరుకు!" అంటూ తలకిందులు చేసి, కాళ్ల మధ్య గాజులోనే అచ్చుపడిన వజ్రం గుర్తు చూపించారు. మనవడి అరికాల్లో శంఖుచక్రాలు వెతికే తాతల్ని చూశాను గానీ వాల్వు అరికాలు చూడటం అదే మొదలు.

దాని పేరు ఈసీసీ83. అమెరికా లెక్కలో 12ఏఎక్స్7. ఒకే గాజింట్లో కాపురముండే ఇద్దరు ట్రయోడు కవలలు. ఆ అక్షరాలు ఊరికే పెట్టినవి కావు: ఈ అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు, ఒక్కో సీకి ఒక్కో ట్రయోడు. ఈ వాల్వు ఫిలమెంటు రెండు ముక్కలు కాబట్టి వరసగా కలిపితే 12.6కూ పనికొస్తుంది. జాతకమంతా పేరులోనే ఉంది, చదివే ఓపికే కరువు.

చదవరు ఎందుకంటే యాంప్లిఫయర్లు కట్టే మన పెద్దమనుషులు వాల్వుకు చేసేది పెళ్లిచూపులు. పుట్టినూరు ఏది, ఇంగ్లండులో బ్లాక్‌బర్నా? ఏ ఏడాది? ప్లేట్లు నున్ననివా, గీతలవా? గెట్టరు రింగు గుండ్రమా, పలకలా? వంశవృక్షం మొత్తం విప్పిస్తారు. అబ్బాయి ఏం పని చేస్తాడని మాత్రం అడగరు.

మనం అడుగుదాం. 12ఏఎక్స్7 గుణకం 100. 12ఏటీ7కు 60. 12ఏయూ7కు 20 దాటదు. మూడింటికీ కాళ్ల వరస ఒకటే, సాకెట్టు ఒకటే, కాబట్టి ఏది గుచ్చినా రుచి భేదమే తప్ప పని భేదం లేదని వీళ్ల సిద్ధాంతం. రికార్డు ముల్లు నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టులను లేపాలంటే 12ఏఎక్స్7 కావాల్సిందే, కాదనను. కానీ లెక్చరర్ గారు వినేది సీడీ. అది పుట్టుకతోనే 2 వోల్టులు ఇస్తుంది. పవర్ యాంపుకు ఒక వోల్టు అటూఇటూగా దక్కితే మేడ మీద బట్టలు ఎగిరిపోతాయి. ఈయన ఆ 2 వోల్టుల గొంతును వాల్యూం బిరడాతో పిసికి, కొన ఊపిరిగా మిగిలినదాన్ని 12ఏఎక్స్7తో 60 రెట్లు పెంచుతారు. తిరుమల మీద ఇల్లున్నవాడు దర్శనానికని అలిపిరికి దిగి, మళ్లీ 3,550 మెట్లూ ఎక్కినట్టు.

అంతా అయ్యాక "ఆ తేనె చూశావా!" అంటారు. చూశాను, లెక్కేసి మరీ చూశాను. 12ఏఎక్స్7 లోపలి నిరోధం 62 వేల ఓములు. లక్ష ఓముల ప్లేటు లోడుతో కలిపితే బయటికి తేలేది సుమారు 38 వేలు. అక్కడినుంచి హాల్లోని పవర్ యాంపు దాకా 3 మీటర్ల కేబుల్, మీటరుకు 100 పికోఫారాడ్ల చొప్పున. ఇవి రెండూ కలిస్తే 14 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి సగం శక్తి హరీమంటుంది. తాళాల గలగలలో పైఅంచు వైరులోనే చస్తుంది. దాన్ని ఆయన తేనె అంటారు, నేను వైరు మింగడం అంటాను. అదే పనికి 12ఏయూ7 పెడితే లోపలి నిరోధం 7,700 ఓములే. లేదా ఛానెల్‌కు ఒక వాల్వు ఇచ్చి, కవలల్లో రెండోవాణ్ణి క్యాథోడ్ ఫాలోయరుగా కూర్చోబెడితే బయటి నిరోధం 600కు దిగుతుంది. ఆ మాటే చెప్పాను. "అప్పుడు తేనె పోతుంది నాయనా" అన్నారు. పోతుంది, నిజమే.

ఒకప్పుడు గంగమ్మ జాతరకు మైక్‌సెట్లు కట్టిన అన్న ఒకాయన మా వీధి చివర ఉన్నాడు. ఆయన వాల్వును ఎంచే పద్ధతి వేరు. యాంపు ఆన్ చేసి పెన్సిల్ వెనక కొసతో బుడ్డిని టకటక తడతాడు. "పేరు సూసి ఏం జేస్తావు సామీ. తడితే గంట మాదిరి మోగిందంటే అది మైకు ముందర కుయ్యోమంటాది. మోగకుండా, బుసకొట్టకుండా ఉంటే సాలు." ఆయన కాలంలో వాల్వంటే బెంగుళూరు బీఈఎల్‌ది. 1954లో పెట్టిన ఆ ప్రభుత్వ కంపెనీ 1961 నుంచి రేడియో వాల్వులు చేసింది. ఆ పాత సరుకే ఇప్పుడు విదేశాల్లో డాలర్లకు అమ్ముడుపోతోందని చెబితే అన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయన కాలిపోయినవాటితో పాటు బాగున్నవి కూడా పాత సామాన్లవాడికి వేశాడట.

గోత్రాల సంగతి అడగనే వద్దు. ముల్లార్డ్ అన్న ఇంగ్లీషు పేరు ఇప్పుడు ఒక అమెరికా కంపెనీ సొత్తు. ఆ పేరుతో కొత్త వాల్వులు తయారయ్యేది రష్యాలోని సరాతోవ్‌లో. దత్తత పిల్లాడు బాగానే పనిచేస్తాడు, తప్పులేదు. శుభలేఖలో మాత్రం కన్నతండ్రి పేరుండదు.

మొన్న ఆదివారం లెక్చరర్ గారు మళ్లీ పిలిచారు. ఈసారి ఈ88సీసీ, కాళ్లకు బంగారు పూత. ఎమ్మెస్ పాడిన అన్నమయ్య కీర్తనల సీడీ నా చేతికిచ్చి, నన్ను సోఫా నడిమధ్యన కూర్చోబెట్టారు. ఆ ఇంట్లో ఏ కీర్తనా పల్లవి దాటి చరణంలోకి పోగా నేను వినలేదు. పల్లవి కాగానే వాల్వు మార్చాలి గదా! ఈ88సీసీలో ఫిలమెంటు రెండు ముక్కలుగా ఉండదు. 4, 5 కాళ్ల మధ్య 6.3 వోల్టులు, అంతే. ఆయన సాకెట్టులో ఆ కాళ్ల మధ్య ఉన్నది 12.6. "సార్, ఒక్క నిమిషం..." అనేలోపు స్విచ్ పడింది. బుడ్డిలో కర్పూర హారతి వెలిగినట్టు తెల్లగా ఒక వెలుగు. తర్వాత చీకటి.

ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు. కాసేపటికి తెరిచి, "ఆ అరక్షణం వినిపించింది చూశావా నాయనా, అంత విశాలమైన నాదం నా జన్మలో వినలేదు" అన్నారు.

సీడీ ఇంకా నా చేతిలోనే ఉంది.